పిన్ని ఊరికే కూర్చున్న శనివారాలు

మోకాలి ఆపరేషన్ అయ్యాక డాక్టరు మా అమ్మను ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నాడు. మా అమ్మకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. సింగపూరు సెరంగూన్‌లోని మా ఫ్లాట్‌లో సోఫా మీద కూర్చోబెట్టి, నేను ఇలా వంటింట్లోకి వెళ్ళి అలా వచ్చేసరికి, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తూ ఉంటుంది. పళ్ళెం లాక్కుంటే టీవీ రిమోటు తుడుస్తుంది. అదీ లాక్కుంటే నా మీద అరుస్తుంది.

"ఊరికే కూర్చోవడం నాకు చేతకాదే" అంది ఒకరోజు, ఏడుపు గొంతుతో. "అది కూడా నేర్చుకోవాలట, ఈ వయసులో!"

నేర్చుకోవాలి. అలా నేర్చుకున్న ఒకామెను నేను దగ్గరుండి చూశాను. ఆమె సంగతి ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఆ కథలో నేను చేసిన పని చెప్పుకునేలాంటిది కాదు.

నా చిన్నప్పుడు మేం ఇదే ఊళ్ళో బిషాన్‌లో ఉండేవాళ్ళం. నాలుగో అంతస్తు. ఆ బ్లాకులో లిఫ్టు ఒకటో అంతస్తులో, అయిదులో, తొమ్మిదిలో మాత్రమే ఆగేది. అంటే మేం అయిదో అంతస్తు దాకా ఎక్కి, ఒక అంతస్తు మెట్లు దిగి ఇంటికి రావాలి. పొడవాటి వరండా, వరసగా తలుపులు, ఒక్కో తలుపుకీ ఇనప గ్రిల్లు. తలుపులు పొద్దున్నించీ తెరిచే ఉండేవి. ఎవరింట్లో చేపలు వేగుతున్నాయో, ఎవరింట్లో సాంబ్రాణి వేశారో, ఎవరు ఎవర్ని తిడుతున్నారో వరండా అంతటికీ తెలిసేది.

నాన్న హైదరాబాదు నుంచి కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చాడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయని బ్యాంకులు బెంబేలెత్తుతున్న రోజులవి. నాన్న నడుముకి పేజరు, ఇంట్లో మోడెము కూత. అమ్మ కూడా అలాంటి ఆఫీసులోనే ప్రోగ్రాములు పరీక్షించే పనిలో చేరింది. ఇద్దరికీ శనివారం లేదు, ఆదివారం లేదు. అది కష్టమని వాళ్ళు ఎప్పుడూ అనలేదు. గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఊరినుంచి ఫోనొస్తే నాన్న మొదటి మాట "ఊపిరి సలపట్లేదనుకో" అనేవాడు, మొహం వెలిగిపోతూ.

ఇల్లు నడపడానికి అమ్మ పుట్టింటి ఊరినుంచి ఒకామెను పనిమనిషి పర్మిట్ మీద తెప్పించారు. గోదావరి వైపు మనిషి. నలభై దగ్గర పడ్డ వయసు, నా ఈడు కూతుర్ని తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఆమెను పిన్నీ అని పిలవమని అమ్మే నాకు నేర్పింది. పేరుకి పిన్ని. పడుకునేది వంటింట్లో చాప మీద, పాస్‌పోర్టు అమ్మ బీరువాలో. ఆమెకు సెలవు రోజంటూ ఒకటి ఉండాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, నిజం చెప్పాలిగా.

మా పక్క ఫ్లాట్‌లో ఒక యూదు ఆంటీ ఒక్కతే ఉండేది. వాళ్ళ తాతలది బాగ్దాదు, తను పుట్టింది కలకత్తా, పెళ్ళయి వచ్చింది సింగపూరు. భర్త పోయాక బ్లాకులో పిల్లల స్కూలు బట్టలు సరిచేసి కుట్టేది. ఆదివారం నుంచి ఆమె మిషను చప్పుడు మా గోడకి వినపడుతూనే ఉండేది. అంచు కుట్టడం కూడా ఎంత శ్రద్ధగా చేసేదంటే, ఒక్క కుట్టు వంకరపోతే మొత్తం విప్పేది. "ఆరు రోజులు పని చెయ్యమని చెప్పింది కూడా దేవుడే, ఏదో ఒకలా కానిచ్చెయ్యమని చెప్పలేదు" అనేది. శుక్రవారం మధ్యాహ్నానికి మిషను ఆగేది. దాని మీద తెల్ల గుడ్డ కప్పేది. అప్పటినుంచి వంట. యాలకులూ పసుపూ వేసి అన్నం, కోడికూర కలిపిన పెద్ద గిన్నె, నూనెలో ఎర్రగా వేగిన గుండ్రటి బంగాళాదుంపలు. చీకటి పడేలోగా అన్నీ అయిపోవాలి. చీకటి పడ్డాక మర్నాడు సాయంత్రం నక్షత్రాలు కనపడేవరకు ఆమె పొయ్యి వెలిగించదు, స్విచ్చి నొక్కదు, కత్తెర పట్టదు, లిఫ్టు ఎక్కదు.

మా వంట ఆమె తినేది కాదు. అమ్మ మొదట్లో పులిహోర పంపిస్తే, వాళ్ళ నియమం ఒప్పుకోదని, పళ్ళయితే తీసుకుంటానని చెప్పింది. అమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మా అత్తగారి మడి తప్పించుకుని సముద్రాలు దాటి వస్తే, ఇక్కడ పక్కింట్లో ఇంకో మడి" అంది నాన్నతో.

కానీ ఆంటీ దగ్గరికి వెళితే నా ఇంగ్లీషు బాగుపడుతుందని, శనివారాలు నన్ను పంపడం మాత్రం మానలేదు.

ఒక శుక్రవారం చీకటి పడుతుండగా నేను అరటిపళ్ళు తీసుకుని వెళ్ళాను. ఆంటీ హాల్లో రెండు కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళు రెండు చేతులతో మూసుకుని ఏదో చెప్పుకుంటోంది. నేను చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళి పళ్ళు బల్లమీద పెట్టాను. హాట్ ప్లేట్ మీద పెద్ద గిన్నె, స్విచ్చి వేసి ఉంది, దగ్గర మనిషి లేదు. మనిషి లేని గదిలో కరెంటు కాలితే నాన్న వీపు పగలగొట్టేవాడు. నేను మంచి పిల్లలా స్విచ్చి ఆపేసి, వంటింట్లో లైటు కూడా ఆర్పి, ఇంటికొచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం పిన్నితో కలిసి వెళ్ళేసరికి ఆంటీ చల్లటి రొట్టె తింటోంది. రాత్రంతా సన్నటి వేడి మీద మగ్గాల్సిన గిన్నె సగం ఉడికి చల్లారిపోయి ఉంది. తను వేసుకోకూడదు, వెయ్యమని ఎవర్నీ అడగకూడదు. రాత్రి వంటింట్లో తడుముకుంటూ నీళ్ళు తాగిందట.

"నేనే ఆపాను ఆంటీ" అన్నాను వెంటనే. ఆరోజు అంత సులువుగా ఒప్పుకున్నాను. ఆంటీ పగలబడి నవ్వింది.

పిన్నికి సంగతి నేను తెలుగులో చెప్పాను. "అయ్యో, ముసలమ్మగారికి ఏదో నోమండి పాపం" అంటూ పిన్ని స్విచ్చి వెయ్యబోయింది. ఆంటీ గబుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈరోజు ఈ ఇంట్లో నాకోసం ఎవరూ పని చెయ్యకూడదు. నా గుమ్మం లోపలికి వచ్చిన మనిషికి కూడా ఇది విశ్రాంతే. ఆమెను కూర్చోమను."

చెప్పాను. పిన్ని చుట్టూ చూసి నేలమీద కూర్చోబోయింది. ఆంటీ కుర్చీ లాగి చూపించింది.

"అమ్మో, కుర్సీలోనా? వద్దండి, నాకు కిందే బాగుంటదండి."

ఆంటీ వినలేదు. పిన్ని కుర్చీ అంచుమీద, ఎవరో లేపుతారన్నట్టు, కూర్చుంది.

అలా మొదలైంది. అమ్మా నాన్నా ఆఫీసులో ఉండే శనివారం మధ్యాహ్నాలు పిన్ని ఒక గంట పక్కింట్లో కూర్చునేది. మొదట్లో ఆమెకు కూర్చోవడం రాలేదు. చేతులు ఊరుకునేవి కావు. బల్లమీద గుడ్డలో దారాలు ఏరేది, కొంగు మడతలు పెట్టేది. ఆంటీ ఏమీ అనకుండా ఆ చేతుల మీద తన చెయ్యి వేసేది. నాలుగైదు వారాలకు ఆ చేతులు ఒళ్ళో కుదురుగా పడుకున్నాయి. కిటికీలోంచి ఎదురు బ్లాకు వెదురు గడల మీద ఆరేసిన బట్టలు గాలికి ఊగుతుంటే చూస్తూ కూర్చునేది. ఒక గంట అయ్యాక ఆమె మొహం మా ఇంట్లో నేను చూసే మొహంలా ఉండేది కాదు.

ఒకసారి నాతో అడిగించింది: "ఇంటినిండా పని మిగిలిపోయుంటే ఈవిడ ఎలా కూకుంటారండి?"

ఆంటీ అంది: "పని ఎప్పుడు మిగలకుండా పోయింది? అంతా అయిపోయిందనుకుని కూర్చోవాలి. ఆరు రోజులు ఈ లోకం మన చేతుల మీదే నడుస్తోందనుకుంటాం. ఏడో రోజు మనం వేలు పెట్టకపోయినా నడుస్తుందని చూడాలి. మావాళ్ళు ఒకప్పుడు ఒక రాజు దగ్గర బానిసలు. బానిసకు ఆగే హక్కు ఉండదు. అందుకని దేవుడు మాకు ఆగడం నేర్పాడు. మనం ఆగి, మన ఇంట్లో పనిచేసేవాళ్ళను ఆగనివ్వకపోతే మనమే ఆ రాజులం."

చివరి మాట నేను పిన్నికి చెప్పలేదు. అది మా ఇంటికి తగులుతుందని ఆ వయసులోనే నాకు అర్థమైంది. అర్థమయ్యే మింగేశాను.

ఆ శనివారాల్లో నాకూ ఒక దొంగతనం ఉండేది. ఆంటీ ఆ గిన్నె మీద గుడ్లు పెట్టేది. రాత్రంతా వేడికి అవి కాఫీ రంగుకి తిరిగేవి. మా ఇంట్లో గుడ్డు మాటే ఎత్తకూడదు. నేను ఉప్పూ మిరియాలూ అద్దుకుని రెండేసి తినేదాన్ని. ఇంటికొచ్చాక పిన్ని నా నోట్లో లవంగం పెట్టి నమిలించేది.

"తవరు గుడ్డు తిన్నారని నేను సెప్పనండి. నేను కుర్సీలో కూకున్నానని తవరు సెప్పకండేం" అనేది నవ్వుతూ. నేను ఒట్టు వేశాను.

ఆ రోజు కూడా శనివారమే. నాన్న రాసిన ప్రోగ్రాము ఏదో ఇంట్లో కంప్యూటర్ మీద పొద్దున్నించి సాయంత్రం దాకా నడవాలి. తెర మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించి ఆఫీసుకి వెళ్ళాడు. సోమవారం బ్యాంకు వాళ్ళకు చూపించాలి. మూడు రోజులుగా దానితోనే తిప్పలు పడుతున్నాడు. పిన్ని పనంతా ముగించుకుని, "మీరూ రండి పాపగారూ" అంది. హోంవర్కుందన్నాను. ఆమె అటు వెళ్ళగానే ఇటు నేను కాగితం పైకెత్తి, ఆట ఒకటి తెరిచాను. తెర బిగుసుకుపోయింది. ఏది నొక్కినా కదల్లేదు. భయమేసి బటన్ నొక్కి ఆపేశాను. మళ్ళీ వేశాను. నాన్న ప్రోగ్రాము లేదు. కాగితం మళ్ళీ జాగ్రత్తగా అంటించి, వెళ్ళి లెక్కల పుస్తకం ముందు కూర్చున్నాను.

అయిదింటికి అమ్మా నాన్నా కలిసే వచ్చారు. నాన్న తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఎవరు ఆపారు?" అన్నాడు. గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

"పిన్ని దుమ్ము దులుపుతుంటే వైరు ఊడిందనుకుంటా" అన్నాను. 'అనుకుంటా' అని తగిలిస్తే అబద్ధం కొంచెం తగ్గుతుందని నా తెలివి.

అదే సమయానికి పిన్ని గ్రిల్లు తెరుచుకుని లోపలికి వచ్చింది. అమ్మ ఆమె మీద విరుచుకుపడింది. పిన్ని నావైపు చూసింది. ఒక్క క్షణం. నేను తేలు కుట్టిన దొంగలా పుస్తకంలో తల పెట్టాను.

"ఆయ్, నేనేనండి. గుడ్డ తగిలిందండి. సూసుకోలేదండి."

అక్కడితో తిట్లతో పోయేది. కానీ వరండా ఉంది కదా. ఆంటీ మా గ్రిల్లు దగ్గరికి వచ్చి నిలబడింది, శనివారం వేసుకునే తెల్ల గౌనులో. మా తెలుగు ఆమెకు రాకపోయినా, వేలు ఎవరివైపు చూపిస్తున్నారో, కంప్యూటర్ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో గమనిస్తే చాలు.

"ఆమె ముట్టుకోలేదు" అంది ఇంగ్లీషులో, సంతోషంగానే, ఒక నిర్దోషిని విడిపిస్తున్నాననుకుని. "నాలుగింటినుంచి ఇప్పటిదాకా మా ఇంట్లోనే ఉంది. ఏ పనీ చెయ్యలేదు. ప్రతి శనివారం లాగే, కుర్చీలో హాయిగా కూర్చుంది. అంతే."

ఆ మాటతో కంప్యూటర్ సంగతి అందరూ మరిచిపోయారు.

"ప్రతి శనివారమా?" అంది అమ్మ. పిన్ని వైపు తిరిగి తెలుగులో, "ఎన్నాళ్ళనుంచి?"

"కొన్ని వారాలనుంచండి. పనంతా సేసుకునే ఎల్తన్నానండి. ఆ రోజు తెల్లారగట్లే లేత్తన్నానండి. ఒక్క గంటేనండి."

"మేమిద్దరం శనీ ఆదీ లేకుండా చస్తుంటే, నువ్వు పక్కింట్లో కుర్చీలో కూర్చుంటావా? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. నిన్ను తెచ్చింది ఇందుకా?"

కుర్చీ అన్నప్పుడు అమ్మ గొంతు చీలిపోయింది. పిన్ని తల దించుకుంది. నాన్న ఒకసారి నా మొహం చూశాడు. చూసి, "సరేలే, మళ్ళీ మొదలెడతాను" అని కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమె కాకపోతే మరెవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో అని చాలా ఏళ్ళు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. చెప్పేదాన్ని కాదు.

సోమవారం అమ్మ ఏజెంటుకి ఫోను చేసింది. ఆ పై ఆదివారానికి టికెట్టు. మధ్యలో ఒక శనివారం వచ్చింది. ఉద్యోగంలో చేరాక అమ్మ మొదటిసారి సెలవు పెట్టింది, పిన్ని చేత పని చేయించడానికి. కిటికీ గ్రిల్లులు, ఫ్యాను రెక్కలు, వంటింటి గోడలు. ఆమె కడుగుతూ ఉంటే అమ్మ బల్ల దగ్గర కూర్చుని చూస్తూ ఉంది.

నేను ఉండలేక ఆంటీ దగ్గరికి వెళ్ళాను. "నేనే ఆపాను ఆంటీ" అన్నాను. ఈసారి ఆంటీ నవ్వలేదు. నన్ను కూర్చోమనలేదు కూడా.

"నాకెందుకు చెప్తున్నావు?" అంది. "దేవుడి పట్ల తప్పు చేస్తే దేవుడు క్షమిస్తాడు. మనిషి పట్ల చేస్తే ఆ మనిషి దగ్గరికి వెళ్ళాలి. మా దగ్గర దానికి వేరే దారి లేదు. ఆమె గోడకి అవతలే ఉంది. వెళ్ళు."

వెళ్ళాను. పిన్ని స్టూలెక్కి కిటికీ తుడుస్తోంది. మోచేతుల దాకా సబ్బు నురగ. నేను గుమ్మంలో నిలబడ్డాను. నోరు పెగల్లేదు. అమ్మ అక్కడే ఉంది. అమ్మ లేకపోయినా పెగిలేది కాదు.

"నీళ్ళున్నాయండి పాపగారూ, జారతారు. అటెల్లండి" అంది పిన్ని. మామూలుగా, రోజూ అన్నట్టే.

అటు వెళ్ళిపోయాను. మర్నాడు నాన్న ఆమెను విమానాశ్రయానికి తీసుకెళుతుంటే, ట్యూషనుందని చెప్పి ముందే ఇల్లు దాటాను.

ఆ తర్వాత శనివారాలు ఆంటీ ఇంటికి వెళ్ళలేదు. ఏడాదికో రెండేళ్ళకో ఆమె వృద్ధుల ఇంటికి మారిపోయింది. మిషను చప్పుడు పోయింది. ఆ బ్లాకుకి అన్ని అంతస్తుల్లో ఆగే లిఫ్టు వచ్చింది. ఇప్పుడు నేనూ అదే కంప్యూటర్ పనిలో, నాన్న కంటే పెద్ద కుర్చీలో ఉన్నాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఆదివారం సెలవు. అది చట్టం ఇచ్చింది, నేనిచ్చింది కాదు.

మోకాలితో అమ్మ సోఫాకి అంటుకుపోయిన ఈ రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం చెప్పేశాను. "ఆరోజు కంప్యూటర్ ఆపింది నేనమ్మా."

"తెలుసు" అంది అమ్మ. "మీ నాన్నకీ తెలుసు."

"మరి ఆమెను ఎందుకు పంపేశావు?"

అమ్మ రిమోటు అందుకుని కొంగుతో తుడవడం మొదలెట్టింది. "అది హాయిగా కూర్చుందని ఆ పక్కింటావిడొచ్చి చెప్పింది చూడూ, నాకు కడుపు మండిపోయిందే. ఈ దేశం వచ్చాక నేను ఒక్కరోజు అలా కూర్చోలేదు." తర్వాత తనే మా మేనమామకు ఫోను చేసి, పిన్ని ఇంటి నంబరు సంపాదించి నా చేతిలో పెట్టింది.

ఫోను కూతురెత్తింది. నా ఈడుది. పిన్ని పోయి రెండేళ్ళయిందట. పెట్టేద్దామనుకున్నాను. కానీ ఏమైందో, ఆ తెలియని మనిషికి మొత్తం చెప్పాను. కంప్యూటర్, అబద్ధం, కుర్చీ, స్టూలు, ట్యూషను, అన్నీ.

"గడువు కాకుండా పంపేసేరంటే దొంగతనం సేసుంటదన్నారండి ఊళ్ళో" అందామె. "మా మావయ్య సొంత సెల్లెల్ని గుమ్మం తొక్కనివ్వలేదండి. ఎందుకు పంపేసేరే అంటే, ఊరికే కూకున్నందుకు పంపేసేరు అనేదండి అమ్మ. ఆ మాట ఎవరు నమ్ముతారండి? నేనూ నమ్మలేదండి."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మావయ్య ఉన్నాడండి ఇంకా. మంచం మీదున్నాడు. తవరు ఓసారొచ్చి, ఈ మాట ఆయనతో సెప్తారాండి?"

"వస్తాను" అన్నాను. అని, ఊపిరి తీసుకుని, "ఈ నెల్లో ఒక ప్రాజెక్టు ఉంది. పని కాస్త తెమలగానే సెలవు చూసుకుని చెప్తాను" అన్నాను.

"ఆయ్, అలాగేనండి. పనులుంటాయి కదండి" అంది. అచ్చం వాళ్ళమ్మ గొంతు.

ఇది జరిగి రెండు వారాలైంది. నేను ఇంకా సెలవు అడగలేదు.